కలివికోడి కోసం కాలువ పక్కకు జరిగింది!

కలివి పండ్లు ఎరుగుదురు కదూ? వాక్కాయకు చెల్లెలి వరస. మన రాయలసీమ బీళ్ళలో, కొండల అంచుల్లో ముళ్ళపొదలకు కాస్తాయి. పచ్చిగా ఉన్నప్పుడు పుల్లగా, పాలు కారుతూ ఉంటాయి. నల్లగా మాగితే పిల్లలు పోటీలు పడి కోసుకుని తింటారు. మూతులకు జిగురంటుకుని ఇంటికొచ్చి మనతో చీవాట్లు తింటారు. ఆ కలివి పొదల నీడల్లో తిరిగే పిట్ట ఒకటుంది. పేరు కలివికోడి. కోడి అన్నారు గానీ కూర వండుకునే కోడి కాదు లెండి! పావురం కన్నా కాస్త చిన్నది. కాళ్ళు పొడుగు. కళ్ళు పెద్దవి. కంటి పైన తెల్లటి కనుబొమ్మ గీత. రొమ్ము మీద అడ్డంగా రెండు పట్టీలు, కంటెలు వేసుకున్నట్టే ఉంటాయి. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో ఉన్న 'బిటార్‌క్వేటస్' అనే మాటకు అర్థం కూడా అదే, రెండు కంటెలున్నది అని!

ఈ చిన్న పిట్ట కోసం ఒక పెద్ద కాలువ దారి మార్చుకుందంటే నమ్ముతారా? అది జరిగింది ఎక్కడో అమెరికాలో కాదు, మన కడప జిల్లాలోనే. లంకమల కొండల దగ్గర.

"నీళ్ళకు కటకటలాడే సీమలో పిట్ట కోసం కాలువను జరపడమేమిటి, విడ్డూరం కాకపోతే!" అంటారేమో. నిజమే. మా వీరపునాయునిపల్లె మండలంలో సర్వరాయసాగర్ జలాశయం కట్టేదాకా నీళ్ళ కోసం కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసిన వాళ్ళం మేము. కాలువ విలువ మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే ఈ కథ పూర్తిగా తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నాక మీకూ చెప్పాలనిపించింది.

86 ఏళ్ళు కనబడకుండా పోయిన పిట్ట

దొరల కాలంలో మద్రాసు సైన్యంలో జెర్డాన్ అనే డాక్టరు ఉండేవాడు. ఆయనకు పక్షులంటే పిచ్చి. ఈ పిట్టను మొదట లోకానికి చూపించింది ఆయనే. 1848లో దీనికి శాస్త్రీయంగా పేరు పెట్టారు. ఇంగ్లీషులో ఇప్పటికీ 'జెర్డాన్స్ కోర్సర్' అంటారు. ఆ తర్వాత అక్కడొకటి, ఇక్కడొకటి కనిపించింది. 1900లో అనంతపురం దగ్గర కనిపించిందని రాసిపెట్టారు. అంతే! ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు. ఈ జాతి అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు.

అయినా బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు ఆశ వదలలేదు. భరత్ భూషణ్ అనే పరిశోధకుడు మన ప్రాంతానికొచ్చి, బొమ్మ చూపిస్తూ ఊరూరా అడుగుతూ తిరిగాడు. చదువుకున్న వాళ్ళెవరూ చెప్పలేని జవాబు పిట్టలు పట్టుకుని బతికే ఐతన్న చెప్పాడు. 1986 జనవరిలో, లంకమల కొండల దగ్గర రెడ్డిపల్లి ప్రాంతంలో, రాత్రిపూట లైటు వెలుగులో పొదల మధ్య ఆ పిట్ట ఆయన కంటబడింది. పట్టుకొచ్చాడు. పాపం, అది కొన్ని రోజులకే చనిపోయింది. కానీ 86 ఏళ్ళ తర్వాత 'ఉన్నాను' అని ఋజువు ఇచ్చి మరీ పోయింది. ఆ తర్వాత రెండేళ్ళకు, 1988లో ఆ ప్రాంతాన్ని శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యంగా ప్రకటించారు. అదే ఏడు పోస్టాఫీసు వాళ్ళు కలివికోడి బొమ్మతో స్టాంపు కూడా వేశారు.

ఇంకో ముచ్చట. ఈ పిట్ట గుడ్డు ఎలా ఉంటుందో చాలాకాలం ఎవరికీ తెలియదు. 2013లో స్కాట్లాండులోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఒక గుడ్డు బయటపడింది. 1917లో కోలారు బంగారు గనుల దగ్గర పనిచేసిన ఒక పశువుల డాక్టరు సేకరించిందట. పెంకు నుంచి డి.ఎన్.ఎ. తీసి పరీక్షించి, కలివికోడిదేనని తేల్చారు. మన కోలారు గుడ్డు ఏ దేశం చేరి, ఎన్నేళ్ళు మూలన పడి ఉందో చూశారా!

జల్లించిన మట్టి మీద పాదముద్రలు

పిట్ట ఉందని తెలిసింది. మరి ఎన్ని ఉన్నాయి? ఎక్కడ ఉన్నాయి? ఏం తింటాయి? పగలంతా పొదల్లో దాక్కుని చీకటి పడ్డాకే బయటికొచ్చే పిట్ట ఇది. మనిషి అలికిడి వింటే పరుగో పరుగు. ఎంతమంది వెతికినా వరసగా కనబడే రకం కాదు.

2000 తర్వాత పంచపకేశన్ జగన్నాథన్ అనే తమిళనాడు పరిశోధకుడూ, ఆయనతోటి వాళ్ళూ దీని వెంటబడ్డారు. వాళ్ళు కనిపెట్టిన ఉపాయం వింటే మీకు నవ్వొస్తుంది. మనం పిండి జల్లించినట్టు మట్టిని మెత్తగా జల్లించారు. పొదల మధ్య ఖాళీల్లో ఆ మట్టిని పట్టీలుగా పరిచారు. రాత్రి ఏ జీవి నడిచినా అచ్చు పడుతుంది. తెల్లారి లేచి ఆ అచ్చులు చదవడమే పని. కౌజుదేది, తీతువుదేది, కలివికోడిదేది అని వేళ్ళ పొడవు కొలిచి మరీ తేల్చారు. ముంగిట్లో వేసిన ముగ్గును పొద్దున్నే ఏ కోడి తొక్కిందో మనం చెప్పమూ? అలాంటిదే, కాకపోతే అడవంత ముంగిలి!

దాంతోపాటు తనంతట తానే ఫోటో తీసే కెమెరాలు పెట్టారు. ఎదురుగా ఏదైనా కదిలితే చాలు, టక్కున ఫోటో పడుతుంది.

ఆ తర్వాత అసలు గుట్టు దొరికింది. పిలుపు! పొద్దు గుంకిన ముక్కాలు గంటకు, చీకట్లు కమ్ముకునే వేళ, కాసేపు మాత్రమే ఈ పిట్ట అరుస్తుంది. 'ట్విక్-టూ, ట్విక్-టూ' అని రెండు ముక్కల కూత. క్షణానికొకటి చొప్పున వరసపెట్టి అరిచి, మళ్ళీ నిశ్శబ్దం. ఆ కూతను టేపు మీదికి ఎక్కించారు. కొత్త చోట్లకు వెళ్ళి సాయంత్రం పూట టేపు వినిపిస్తే, అక్కడ కలివికోడి ఉంటే బదులు పలికే అవకాశం ఉంటుంది. ఈ రెండు ఉపాయాలతో, పిట్టను పట్టుకోకుండా, బెదరగొట్టకుండా, అది ఎక్కడెక్కడ ఉందో తెలుసుకున్నారు.

ఎకరాకు ఎన్ని పొదలు?

మనకు బాగా పనికొచ్చే సంగతి ఇది. అడవి ఎంత దట్టంగా ఉంటే అంత మంచిదని మనం అనుకుంటాం. కలివికోడికి అలా కాదు. దట్టంగా మూసుకుపోతే పరుగెత్తడానికి చోటుండదు. మరీ బోడిగా ఉంటే దాక్కోవడానికి నీడుండదు. ఆరడుగులకు పైబడి పెరిగిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉండాలి. అంటే మన లెక్కలో ఎకరాకు ఇంచుమించు 120 నుంచి 280. చిన్న పొదలు హెక్టారుకు వెయ్యికి తక్కువ ఉండాలి. ఇలాంటి చోటే దీనికి ఇష్టమని పాదముద్రల పట్టీల వల్ల తెలిసింది. కూరలో ఉప్పులాగా ఎక్కువైనా తంటానే, తక్కువైనా తంటానే!

మరి పొదలు ఆ పాళంలో ఎలా ఉంటున్నాయి? కొంత మన మేకల వల్ల, గొర్రెల వల్ల, పొయ్యిలోకి పుల్లలు ఏరుకొచ్చే ఆడవాళ్ళ వల్లే! మితంగా మేపితే, మితంగా ఏరితే పొద చిక్కబడదు. మితి మీరితే పొదే మిగలదు. అంటే అడవి అంచు పల్లెల్లోని ఇల్లాళ్ళకు, ఆ పిట్ట బతుకుకు మనకు తెలియకుండానే ఒక ముడి ఉంది.

కానీ 1990ల నుంచి కథ మారింది. యంత్రాలొచ్చాయి. మనిషి గొడ్డలితో నెల రోజులు పట్టే పొదల నరుకుడు జేసీబీకి ఒక్క పూట పని. నిమ్మతోటలకనీ, పొలాలకనీ బీళ్ళు చదును చేశారు. అభయారణ్యం చుట్టుపక్కల 1991లో, 2000లో ఉపగ్రహం నుంచి తీసిన చిత్రాలను పోల్చి చూస్తే ముళ్ళపొదల అడవి తగ్గి, సాగుభూమి పెరిగినట్టు స్పష్టంగా తేలింది. బీడంటే ఎందుకూ పనికిరాని నేల అని మనం అనుకుంటాం. ఆ 'పనికిరాని' నేలే కలివికోడికి ఇల్లు.

నీళ్ళా? పిట్టా?

ఇక కాలువ సంగతికొద్దాం. మద్రాసు నగరం దాహం తీర్చడానికి, దారిలో మన సీమ పొలాలను తడపడానికి కృష్ణా నీళ్ళు తెచ్చే తెలుగుగంగ పథకం 1983లో మొదలైంది. శ్రీశైలం నుంచి వెలుగోడు, బ్రహ్మంసాగరం, సోమశిల, కండలేరు మీదుగా నీళ్ళు పోతాయి. 1996లో ఆ నీళ్ళు తమిళనాడు చేరాయి. పథకంలోని కాలువల పనులు తర్వాత కూడా సాగుతూ వచ్చాయి.

2005 చివర్లో లంకమల దగ్గర కాలువ తవ్వే యంత్రాలు అభయారణ్యంలోకే వచ్చేశాయి. అది కూడా కలివికోడి తిరిగే చోటుకు చేరువలో! పాదముద్రల కోసం అక్కడ తిరుగుతున్న పరిశోధకుల కంట పడింది గనుక సరిపోయింది. లేకపోతే ఎవరికీ తెలియకుండానే పొదలు పోయి, పిట్టా పోయేది. వాళ్ళు అటవీశాఖకు చెప్పారు. పని ఆగింది. విషయం సుప్రీంకోర్టు ఏర్పాటు చేసిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్ళింది.

ఇక్కడ గమనించండి. పరిశోధకులు "కాలువ వద్దు" అనలేదు. రైతులకు నీళ్ళు రావద్దనీ అనలేదు. "ఈ చోట పిట్ట ఉంది, ఇదిగో ముద్ర, ఇదిగో పిలుపు, ఇదిగో పొదల లెక్క. కాలువను పక్కనుంచి తీసుకెళ్ళండి" అన్నారు. ఐదేళ్ళ పాటు మట్టి జల్లించి రాసుకున్న లెక్కలు చేతిలో ఉన్నాయి గనుకే ఆ మాటకు బలం వచ్చింది. కాలువ దారి మార్చారు. నీళ్ళూ ఆగలేదు, పొదలూ మిగిలాయి.

మరి పిట్ట సంగతి? ప్రపంచం మొత్తం మీద 250 కన్నా తక్కువే ఉంటాయని అంచనా. 2009 ప్రాంతం నుంచి ఎంత వెతికినా నికరమైన జాడ దొరకలేదు. "ఇక అయిపోయిందేమో" అని మళ్ళీ అనుకున్నారు. 2025 ఆగస్టులో పక్షులను గమనించే వాళ్ళ బృందం ఒకటి మన రాష్ట్రంలోనే ఆ కూతను మళ్ళీ విని, రికార్డు చేసింది! పాతికేళ్ళ కిందట కూతను టేపు మీదికి ఎక్కించి ఉండకపోతే ఇప్పుడు విన్నది కలివికోడినే అని గుర్తుపట్టడం ఎంత కష్టమయ్యేదో ఆలోచించండి.

దారి వెంట ఏమేం వస్తాయి?

కాలువైనా, రోడ్డైనా, ఫ్యాక్టరీకి వేసిన మట్టిబాటైనా అడవిలో తన వెడల్పు మేరకే చోటు తీసుకుంటుందని మనం అనుకుంటాం. ముప్ఫై అడుగుల రోడ్డు ముప్ఫై అడుగులే కదా అని. అది నిజం కాదని ప్రపంచంలోని పెద్ద పెద్ద వానల అడవుల్లో పరిశోధనలు చేసిన వాళ్ళు తేల్చారు.

దక్షిణ అమెరికాలో అమెజాన్ అడవి ఉంది కదా, అక్కడ నరికివేతకు గురైన అడవిలో దాదాపు 95 శాతం రోడ్లకు ఐదున్నర కిలోమీటర్ల లోపు, లేకపోతే పడవలు తిరిగే నదులకు ఒక కిలోమీటరు లోపే ఉందని 2014లో వెలువడిన అధ్యయనం చెప్పింది. ప్రభుత్వం ఒక కిలోమీటరు రోడ్డు వేస్తే, దాని పక్కన జనం దొంగచాటుగా వేసుకున్న బాటలు మూడు కిలోమీటర్లట! పైనుంచి చూస్తే చేప ముల్లులాగా కనిపిస్తుంది. నడుమ పెద్ద రోడ్డు, అటూ ఇటూ చీలికలు.

ఆఫ్రికాలో గాబన్ అనే దేశముంది. అక్కడి వానల అడవిలో చమురు బావులున్నాయి. విలియం లారెన్స్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన బృందం అక్కడ అడవిలో నడిచి జంతువులను, వాటి పేడను, అడుగులను లెక్కపెట్టారు. రోడ్డుకు దగ్గరలో ఎన్ని, దూరంలో ఎన్ని అని. చమురు కంపెనీ ఆవరణలో వేట పూర్తిగా నిషేధం. బయట అలా కాదు. 2006లో వాళ్ళు చెప్పిందేమిటంటే, రోడ్డు చేసే చెడుపు వేట ఉన్న చోట ఇంకా పెరుగుతుంది. తుపాకీని గేటు దగ్గరే ఆపిన చోట చిన్న జాతి జింకలు మెరుగ్గా ఉన్నాయి. అయితే వేట లేని చోట కూడా కొన్ని జంతువులు రోడ్డుకు దూరంగానే మసలుతున్నాయి.

కాంగో అడవుల్లో 28 ఏనుగుల మెడకు పట్టీలు కట్టి, అవి ఎటు తిరుగుతున్నాయో చూశారు. 2008లో ఆ లెక్కలు వచ్చాయి. కాపలా లేని రోడ్డును దాటిన ఏనుగు ఎన్నో తెలుసా? ఒకే ఒక్కటి! అది కూడా మామూలు కన్నా 14 రెట్లు వేగంగా పరుగెత్తి దాటిందట. అంత పెద్ద ఏనుగుకే రోడ్డంటే అంత భయం! గోడ కట్టకుండానే రోడ్డు దానికి గోడైపోయింది.

మన లంకమల, శేషాచలం కొండల్లో ఎర్రచందనం ఉంది. దొంగలకు ప్రతి కొత్త బాటా సౌకర్యమే. రాత్రిపూట వెచ్చగా ఉండే తారు రోడ్ల మీద కొన్ని జాతుల పిట్టలు వచ్చి కూర్చుంటాయి. లైటు కళ్ళల్లో పడగానే కదలకుండా ఉండిపోయి చక్రాల కింద పడతాయి. ఎర్రగుంట్ల వైపు సిమెంటు లారీల రాకపోకలు చూసే మాకు దారి అంటే దుమ్ము, మోత, వెలుతురు కూడా అని వేరే చెప్పనక్కర్లేదు. అలాగని రోడ్లొద్దు, ఫ్యాక్టరీలొద్దు అనగలమా? ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలిగేది ఆ జీతంతోనే! అందుకే 'వద్దు' అనడం కన్నా 'ఎక్కడ, ఎలా, ఏ వేళ' అని అడగడం తెలివి.

అడిగిన చోట్ల ఏం చేశారు?

శ్రీశైలం వెళ్ళే దారిలో మన్ననూరు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను ఆపేస్తారు, చూసే ఉంటారు. "ఇదేం గొడవ" అని విసుక్కుంటాం. నల్లమల పులుల కోసం ఆ ఏర్పాటు. చీకటి వాళ్ళది, పగలు మనది.

కర్ణాటకలో బందీపూర్ అడవి గుండా కేరళకు పోయే రహదారి మీద కూడా 2009 నుంచి రాత్రి ప్రయాణం మీద నిషేధం ఉంది.

మధ్యప్రదేశ్, మహారాష్ట్ర సరిహద్దులో పెంచ్ పులుల అడవి ఉంది. అక్కడ 44వ నంబరు జాతీయ రహదారిని స్తంభాల మీద పైకెత్తి, కింద జంతువులకు దారి వదిలారు. కెమెరాలు పెట్టి చూస్తే పులితో సహా 18 జాతుల జంతువులు ఆ కింది దారిని వాడుకుంటున్నాయని తేలింది.

తమిళనాడులో వాల్పారై దగ్గర టీ తోటల మధ్య మిగిలిన వానల అడవి ముక్కల్లో సింహపు తోక కోతులున్నాయి. చెట్టు దిగకుండా బతికే జాతి అది. రోడ్డు వచ్చి కొమ్మకూ కొమ్మకూ మధ్య ఎడం పెరిగేసరికి నేలకు దిగి బండ్ల కింద పడసాగాయి. అప్పుడు రోడ్డుకు అటు చెట్టు నుంచి ఇటు చెట్టుకు వంతెనలు కట్టారు. ఇప్పుడవి వాటి మీదుగా దాటుతున్నాయి. కోతులకు ఎవరూ నేర్పలేదు, తల్లుల వెనక పిల్లలు నడిచి నేర్చుకున్నాయి.

మనమేం చేయగలం?

"ఇవన్నీ సర్కారు పనులు, పొయ్యి దగ్గరుండే మనకేం చేతనవుతుంది?" అనకండి. చాలానే చేతనవుతుంది.

* శివరాత్రికి లంకమల్లేశ్వరస్వామి దగ్గరికో, నిత్యపూజకోనకో, శ్రీశైలానికో వెళ్తాం కదా. చిత్రాన్నం, పెరుగన్నం ఆకుల్లోనో స్టీలు డబ్బాల్లోనో కట్టుకోండి. తీసుకెళ్ళిన ప్రతి కవరూ, ప్రతి సీసా తిరిగి ఇంటికే తేవాలి. ఇందుకోసం ఒక గుడ్డసంచి విడిగా పెట్టుకోండి.

* దారిలో కోతులకు అరటిపండ్లు, బిస్కెట్లు విసరకండి. పుణ్యం అనుకుంటాం గానీ, తిండి కోసం రోడ్డు మీదే కాచుకుని కూర్చోవడం అలవాటై అవి చక్రాల కింద పడుతున్నాయి.

* అడవి దారిలో రాత్రి ప్రయాణం పెట్టుకోకండి. తప్పనిసరైతే మెల్లగా పొమ్మని డ్రైవరుకు చెప్పండి. పాటలు, హారన్లు వద్దని మీరంటే ఇంట్లో మగవాళ్ళు కూడా వింటారు.

* కౌజులు, కుందేళ్ళు అని అడవి నుంచి పట్టుకొచ్చి ఇంటి ముందు అమ్మే వాళ్ళుంటారు. కొనకండి. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఫారాల్లో పెంచే జపాను కౌజులు వేరు, అవి బజారులో దొరుకుతాయి. మనం కొనకపోతే వల వేసేవాడికి పనుండదు.

* పుల్లలు ఏరుకోవాల్సి వస్తే ఎండినవే ఏరండి. పొదను మొదలంటా కొట్టొద్దు. పొలం గట్ల మీది కలివి, రేగు, బలుసు పొదలను కొన్ని ఉంచమని ఇంటాయనకు చెప్పండి. పండ్లు పిల్లలకు, నీడ పిట్టలకు.

* మీ ఊరి దగ్గర గనో, ఫ్యాక్టరీయో వస్తుందంటే చాలావాటికి ప్రజాభిప్రాయ సేకరణ సభ జరపాలి. 2006 నాటి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన ఇవ్వాలి. ఆ సభకు మగవాళ్ళను పంపి ఊరుకోకండి, మీరూ వెళ్ళండి. లారీలు ఏ దారిన పోతాయి? రాత్రి తిరుగుతాయా? దుమ్ము ఎటు పోతుంది? వంకకు, చెరువుకు అడ్డొస్తుందా? ఈ నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. అడిగింది రాసుకోమనండి.

పిల్లలతో ఇలా చేసి చూడండి

ఇది మన పేజీకి తగ్గ 'వంటకం'. కావలసినవి: రెండు గంపల మెత్తటి మట్టి, ఒక జల్లెడ, ఒక చెక్క, ఒక నోటుపుస్తకం.

పొడిగా ఉన్న మట్టిని రాళ్ళు, పుల్లలు లేకుండా జల్లించండి. పెరట్లోనో, పొలం గట్టు పక్కనో బారెడు పొడవు, జానెడు వెడల్పు నేలను ఊడ్చి, దాని మీద వేలి మందాన మట్టి పరచండి. చెక్కతో నున్నగా సర్దండి. పొద్దు గుంకాక చేస్తే మంచిది. రాత్రి అటు వెళ్ళకండి. తెల్లవారి ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు చూడండి. పిల్లి, ముంగిస, ఎలుక, తొండ, కాకి, దేని ముద్ర దానిదే! పిల్లల చేత వాటి బొమ్మలు గీయించి, తేదీ వేయించండి. వానలు పడ్డాక ఒకసారి, ఎండల్లో ఒకసారి చేస్తే ఎవరు వచ్చారో, ఎవరు రావడం మానేశారో మీకే తెలుస్తుంది.

లంకమలలో జరిగిన పరిశోధన మొదలు కూడా ఇంతే. జల్లెడ, మట్టి, ఓపిక. దానితోపాటు అడవిని ఎరిగిన ఐతన్న లాంటి వాళ్ళ మాట మీద గౌరవం. మా వైపు పొలాల్లో ఇప్పుడు కాలువ నీళ్ళు పారుతుంటే చూడటానికి ఎంత బాగుంటుందో చెప్పలేను. కాలువ దారి గీసే ముందు ఆ నేల మీద ఎవరి అడుగులున్నాయో ఒకసారి చూడమనడం మాత్రం మన వంతు.

మీలో లంకమల చుట్టుపక్కల పల్లెల వాళ్ళుంటే ఒక్క మాట. పొద్దు గుంకాక, పశువులను కట్టేసి, పొయ్యి రాజేసే ముందు బీటి వైపు కాసేపు చెవి పెట్టండి. 'ట్విక్-టూ, ట్విక్-టూ' అని వినిపిస్తే అటు పరుగెత్తకండి, లైటు వేయకండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ దిక్కున అని రాసిపెట్టి అటవీశాఖ వాళ్ళకు చెప్పండి. పెద్ద పెద్ద వాళ్ళు ఏళ్ళ తరబడి వెతికినది మీ పెరటి గోడ అవతలే ఉండొచ్చు!